యూదుల చదువు – మన ధ్యానము

కీర్తనల గ్రంథములో 119వ కీర్తనను తెరచినయెడల ఎనిమిదేసి వచనములకు ఒక వింత మాట కనబడును. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్. ఆరాధనలో ఆ కీర్తనను వంతులవారీగా చదువునప్పుడు కొందరు ఆ మాటలను వచనములో భాగమనుకొని గట్టిగా చదువుదురు. కొందరు వాటిని చూడనట్లే దాటిపోవుదురు. అవి హెబ్రీ అక్షరముల పేర్లు. మనకు అ, ఆ, ఇ, ఈ ఎట్టివో వారికవి అట్టివి. ఆ భాషలో 22 అక్షరములు గలవు. ఒక్కొక్క అక్షరముతో మొదలగు వచనములు ఎనిమిది చొప్పున అన్నియు కలిసి 176. అనగా ఆ భక్తుడు దేవుని ఉపదేశమును గూర్చి తన మనస్సులోనున్నదంతయు పలకమీద అక్షరములు దిద్దు పిల్లవానివలె మొదటినుండి చివరివరకు వరుసగా చెప్పుకొనెను.

ఈ చిన్న సంగతి వెనుక ఒక పెద్ద ప్రశ్న యున్నది. మనము పాత నిబంధన అని పిలుచు గ్రంథము మనకంటె ముందు మరియొక జనమునకు చెందినది. ఆ జనము గతించిపోలేదు. నేటికిని వారు విశ్రాంతిదినమున సమాజమందిరములలో ధర్మశాస్త్రపు చుట్టను విప్పి చదువుచున్నారు. ఆదికాండము మొదలు ద్వితీయోపదేశకాండము వరకు సంవత్సరమునకు ఒకసారి ముగించి, ముగించిన దినముననే మరల ఆదికాండమును ఆరంభింతురు. మరి గోదావరి యొడ్డున వరియు పొగాకును పండించుకొను మనము ఆ గ్రంథములో మన బ్రదుకును, మన బాధను వెదకుకొనుట న్యాయమేనా? న్యాయమైనచో ఏ విధముగా వెదకవలెను? బైబిలు తరగతిలో ఒక యౌవనుడు ఈ ప్రశ్న వేసెను. అప్పుడు క్లుప్తముగా చెప్పినదానిని ఇక్కడ కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

మొదట ఒక మాటను తీసికొందము. మొదటి కీర్తన ధన్యుడైన మనుష్యుని వర్ణించుచు, అతడు రేయింబవళ్లు దేవుని ఉపదేశముతో ఏమి చేయుచుండునో చెప్పును. మన తెలుగు బైబిలులో అక్కడ ధ్యానము అను మాట యున్నది. ధ్యానము అనగానే కన్నులు మూసికొని, నోరు మెదపక, చెట్టుక్రింద కూర్చున్న మునీశ్వరుడు మనకు తోచును. హెబ్రీ భాషలో ఆ మాట 'హాగా'. యెషయా గ్రంథములో సింహము తన వేటమీద నిలిచి గుర్రుమను చోట ఈ మాటయే యున్నది. రోగియైన హిజ్కియా గువ్వవలె మూలుగు చోటను ఈ మాటయే యున్నది. కనుక అది పెదవులు కదలని ధ్యానము కాదు. గొంతులో నలిగి, నాలుకమీద తిరిగి, పదిమార్లు పలుకబడి, మెల్లగా లోపలికి దిగునట్టిది.

సెమినరీలో చదువుకొన్న దినములలో ఇది మాకు వ్యాకరణపు సంగతిగానే యుండెను. గ్రామములలో పనిచేయ నారంభించిన తరువాతనే దాని అర్థము కంటికి కనబడెను. మన సంఘములలో అక్షరము రాని వృద్ధ స్త్రీలు గలరు. నాట్లు వేయునప్పుడును, చేటలో బియ్యము చెరుగునప్పుడును, మంచము పట్టిన మనుమరాలి ప్రక్కన కూర్చున్నప్పుడును వారు కంఠస్థమైన కీర్తనలను గొణుగుకొనుచుందురు. ఒక్కొక్కసారి మాటలు తారుమారగును, ఒక కీర్తన చివర మరియొకదానికి తగులుకొనును. వీరికి ధ్యానమన నేమో తెలియదని పట్టణమునుండి వచ్చిన ఒక బోధకుడు సెలవిచ్చెను. హెబ్రీ మాట తెలిసినవారు అట్లనజాలరు. మొదటి కీర్తనలోని మనుష్యునికి అందరికంటె దగ్గరగా నున్నది ఆ స్త్రీలే.

ఇట్లే తోరా అను మాటను మనము ధర్మశాస్త్రము అందుము. శాస్త్రము అనగానే పోలీసును కోర్టును మనస్సులో మెదలును. యూదునికి ఆ మాటలో ఉపదేశము, దారి చూపుట అను అర్థము ముందు వినబడును. దానినిబట్టి చూడగా 119వ కీర్తన వ్రాసినవాడు చట్టమును ప్రేమించిన విచిత్రపు మనిషి కాడు. చీకటిలో దారి చూపినవానిని ప్రేమించినవాడు.

ఇక వారు చదువు పద్ధతిని చూతము. బైబిలు తరువాత వారి చదువునకు ఆధారములు మిష్నాయు తల్మూదును. పెద్దల నోటిమాటగా వచ్చిన బోధలను రబ్బీ యూదా అను నాయకుడు సుమారు క్రీ. శ. 200లో కూర్చెను, అది మిష్నా. దానిమీద తరతరములు చేసిన చర్చయే తల్మూదు. బబులోను తల్మూదులో 2,711 పత్రములు గలవు. దినమునకొక పత్రము చొప్పున లోకమందలి యూదులందరు ఒకే దినమున ఒకే పత్రము చదువవలెనని 1923లో వియన్నా పట్టణమున జరిగిన సభలో రబ్బీ మేయీర్ షపీరో ప్రతిపాదించెను. ఒక ఆవృత్తి ముగియుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును. నేటికిని అది సాగుచున్నది. ఆ తల్మూదును మొట్టమొదట సంపూర్ణముగా అచ్చువేసినవాడు దానియేలు బొంబెర్గు అను క్రైస్తవుడనియు, అది 1520–1523 మధ్య వెనిస్ పట్టణమున జరిగెననియు తెలిసినప్పుడు మాకు సంతోషము కలిగెను.

తల్మూదు పుటను చూచినవారు మరువరు. నడుమ మూలము. ఒక ప్రక్క రాషీ వ్యాఖ్యానము. ఈయన ఫ్రాన్సు దేశములో ట్రోయ్ పట్టణపువాడు; 1040 నుండి 1105 వరకు జీవించెను. ఇంత గొప్ప పండితుడు కొన్ని చోట్ల దీని అర్థము తనకు తెలియదని వ్రాసి విడిచిపెట్టెను. మరియొక ప్రక్క ఆయన మనుమలును వారి శిష్యులును వ్రాసిన వ్యాఖ్యానము. అందులో వారు రాషీ చెప్పినదానిని నిర్మొగమాటముగా ప్రశ్నింతురు, పెక్కుచోట్ల ఒప్పుకొనరు. తాతయు మనుమడును ఒకే పుటలో, నడుమ దేవుని మాట. తాతకు ఎదురు చెప్పిన మనుమనికి మన ఇండ్లలో ఏమి జరుగునో వేరుగా చెప్పనేల!

మన ప్రభువు పుట్టిన కాలమున యెరూషలేములో హిల్లేలు, షమ్మయి అను ఇద్దరు బోధకులుండిరి. వారి శిష్యవర్గములు ఏండ్లతరబడి వాదించుకొనెను. ఇరువురి మాటలును సజీవుడగు దేవుని మాటలేయని, అయినను ఆచారములో హిల్లేలు వర్గమువారిని అనుసరింపవలెనని ఆకాశమునుండి స్వరము వచ్చినట్టు తల్మూదులో ఒక కథ యున్నది. వారిని ఎందుకు ఏర్పరచెనన, వారు సాత్వికులు. తమ మాటతోపాటు ఎదుటివారి మాటను కూడ నేర్పించిరి, అదియు ఎదుటివారి మాటనే ముందుగా చెప్పిరి. ఓడిపోయినవారి వాదమును చెరిపివేయక నేటివరకు గ్రంథములో ఉంచుకొన్న జనము వీరు. మన సంఘములలోనో, అభిప్రాయ భేదము వచ్చిన రెండవ వారమున రెండవ పాక లేచును.

వారి పాఠశాలలలో విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి బిగ్గరగా ప్రశ్నించుకొనుచు చదువుదురు. ఆ జతకు హవ్రూతా అని పేరు. స్నేహితుడు అను మాటనుండి పుట్టినది. మన యొద్ద అయ్యగారు చెప్పవలెను, సంఘము తల ఊపవలెను. ప్రసంగము ముగిసిన తరువాత అర్థము కాలేదని లేచి అడిగినవానిని మేము ఇంతవరకు ఇద్దరినో ముగ్గురినో చూచితిమి. రాత్రి దీపము పెట్టిన తరువాత అరుగుమీద ఇద్దరు కూర్చుండి, చదువు వచ్చినవాడు ఒక అధ్యాయము చదువగా, రానివాడు ప్రశ్న వేయుట కష్టమైన పని కాదు. చదువు రానివాని ప్రశ్నలు తరచుగా మిక్కిలి పదునైనవై యుండును.

ఇంతలో కొందరు అడుగుదురు: అయ్యా, ఆ జనము మన ప్రభువును అంగీకరింపలేదు గదా, వారి బావిలో నీళ్లు మనకేల? పౌలు ఎవరి పాదములయొద్ద చదువుకొనెనో అపొస్తలుల కార్యములలో తానే చెప్పుకొనెను. ఆ గమలీయేలు హిల్లేలు మనుమడని యూదుల సంప్రదాయము చెప్పును. అపొస్తలులను చంపవద్దని మహాసభలో వారించినవాడును ఈయనయే. అదే పౌలు రోమా పత్రికలో అడవి ఒలీవ కొమ్మ అంటు కట్టబడిన సంగతి చెప్పి, వేరును మోయుచున్నది తానేనని కొమ్మ గర్వింపరాదని హెచ్చరించెను. మామిడి అంట్లు కట్టు ఊళ్లవారికి దీనిని వివరింప నక్కరలేదు.

ఆ హెచ్చరికను క్రైస్తవులు చాలకాలము వినలేదు. గోదావరి జిల్లాల లూథరను సంఘములవారికి ఇది చేదు మాటయే గాని చెప్పక తప్పదు. 1543లో మార్టిన్ లూథరు వ్రాసిన ఒక పుస్తకములో యూదుల సమాజమందిరములను తగులబెట్టుడనియు, వారి ప్రార్థన పుస్తకములను తల్మూదును లాగికొనుడనియు పాలకులకు సలహా ఇచ్చెను. నాలుగు వందల సంవత్సరముల తరువాత హిట్లరు పాలనలో 60 లక్షలమంది యూదులు చంపబడిన కాలమున ఆ వ్రాతలు హంతకుల చేతికి ఆయుధములాయెను. 1994లో అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరను సంఘము వాటిని బహిరంగముగా త్రోసిపుచ్చెను. మన పల్లెలలో యూదుని కన్నులార చూచినవారు లేరు. అయినను నమ్మకద్రోహిని యూదా అనియు, వేషధారిని పరిసయ్యుడనియు తిట్టుట పిల్లలకు కూడ వచ్చును. హిల్లేలు ఒక పరిసయ్యుడని తెలిసినవాని నోట ఆ తిట్టు అంత సులభముగా రాదు.

దీనికి ఎదురైన పొరపాటు ఇప్పుడు ఊరూర వ్యాపించుచున్నది. ఇశ్రాయేలునుండి తెచ్చిన నూనె అని సీసాలు, యొర్దాను నీళ్లు, వేదికమీద పొట్టేలు కొమ్ము బూర, నాలుగు హెబ్రీ మాటలు. హెబ్రీలో చెప్పిన మాటకు తెలుగులో చెప్పినదానికంటె శక్తి యెక్కువయని జనులు నమ్ముచున్నారు. ఇది చదువు కాదు, తాయెత్తు. ఆ జనముయొక్క వస్తువులు కావలెను గాని వారి పుస్తకము చదువు ఓపిక అక్కరలేదు.

మన ఆంధ్రదేశములోనే మరియొక విధముగా చదివినవారు గలరు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో మాదిగ కులమునకు చెందిన కొన్ని కుటుంబములు పూర్వము క్రైస్తవులుగా నుండి, 1980ల చివరనుండి సాదోకు యాకోబీ, షమూయేలు యాకోబీ అను సోదరుల నాయకత్వమున యూదుల ఆచారమును అనుసరింప మొదలుపెట్టిరి. తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొని, బెనె ఎఫ్రాయిము అని పేరు పెట్టుకొని, ఒక సమాజమందిరమును స్థాపించుకొనిరి. వీరిని గూర్చి యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో ఒక పుస్తకము ప్రచురించిరి. వారి వంశావళి నిజమా కాదా అని తీర్పు తీర్చుట మా పని కాదు. క్రీస్తును విడిచి వెళ్లిన వారి త్రోవ మా త్రోవ కాదు. అయినను వారిని ఎగతాళి చేయువారితో మేము చేరము. ఏలయనగా వారు అర్థమును ఊరక తీసికొనలేదు, దానితోకూడ బరువును ఎత్తుకొనిరి. కూలికి పోవువాడు శనివారము పనిమానుట అనగా ఏమో మన పాఠకులు ఎరుగుదురు.

ఊరికి వెలుపల ఉంచబడినవారు దాస్యగృహమునుండి బయటికి తేబడిన జనముయొక్క కథలో తమ్మును కనుగొనుట వింత కాదు. మన తాతముత్తాతలు చేసినదియు అదియే. 1836లో బౌడెను, బీరు అను మిషనరీలు ఈ దేశమునకు వచ్చి నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములలో పనిచేసిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1847 నుండి 1852 వరకు కట్టబడు దినములలో అక్కడికి కూలికి వచ్చినవారికి సువార్త చెప్పబడెను. ఐగుప్తులో ఇటుకలు చేసినవారి కథ మన్ను తట్టలు మోయుచున్నవారికి చెప్పినప్పుడు, వ్యాఖ్యానము అక్కరయుండెనా?

ఆ ఆనకట్టకు ఎగువను పోలవరమునొద్ద మన కాలమున మరియొక ఆనకట్ట లేచుచున్నది. నిండు జలాశయపు మట్టము 45.72 మీటర్లు అని లెక్క. 2021 జూనులో నదిని స్పిల్‌వేగుండా మళ్లించిరి. పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది మొదలగు ఊళ్లు దానికొరకు ఖాళీ అయ్యెను. 2022 జూలైలో వరద వచ్చి భద్రాచలమునొద్ద నీరు 71 అడుగులు దాటినప్పుడు ఎగువ ముంపు గ్రామములు అనేకము నీటిలో నుండెను. కట్టిన ఇండ్లను, పూర్వుల సమాధులను, ప్రార్థించిన మందిరములను విడిచి కాలనీలకు వచ్చినవారు మన చదువరులలో గలరు. దేవుని వాక్యములో మన స్వంత అర్థము అను మాట వీరియెదుట ఆటమాట కాదు.

నూతన సంవత్సర ఆరాధనలో వాగ్దానపు చీటీలు తీయుట మనకు వాడుక. యిర్మీయా 29వ అధ్యాయములో దేవుడు తన జనమును గూర్చి తలంచినవి మేలైన తలంపులని చెప్పు వచనము ఎవరికి వచ్చినను వారు సంతోషింతురు. నిర్వాసితుల కాలనీలో ఒక తండ్రికి ఆ చీటీయే వచ్చెను. ఊరికి తిరిగి పోవుదుమని అతడు దాని భావము చెప్పుకొనెను. ఆ అధ్యాయమంతయు ఒక ఉత్తరము. చెరపట్టబడి బబులోనులో నున్న యూదులకు యిర్మీయా వ్రాసినది. త్వరలో తిరిగి వత్తురని చెప్పు ప్రవక్తలను నమ్మవద్దనును. 70 సంవత్సరములు గడువవలెననును. అంతవరకు అక్కడనే ఇండ్లు కట్టుకొనుడి, తోటలు వేయుడి, పిల్లలకు పెండ్లి చేయుడి, మిమ్మును చెరపట్టిన పట్టణపు క్షేమము కొరకు ప్రార్థన చేయుడి అని ఆ ఉత్తరపు సారాంశము. వినుచున్న వృద్ధులు తిరిగి చూడబోరు. చీటీలో ఇదంతయు లేదు. ఆ తండ్రితో కూర్చుండి అధ్యాయము మొదటినుండి చదివినప్పుడు అతని ముఖము వాడెను. మరునాడు వచ్చి, కాలనీలో తన వంతు స్థలములో కొబ్బరి మొక్క పెట్టవచ్చునా, అది ఒప్పుకొన్నట్టు అగునా అని అడిగెను. చీటీ అతనిచేత ఆ ప్రశ్న వేయించియుండదు. ఆ వాక్యము మొదట ఎవరికి వ్రాయబడెనో వారి దుఃఖముగుండా నడచి వచ్చినందున అది అతని వాక్యమాయెను. పరిహారము రావలసినవారు దానికొరకు అడుగుట మానవలెనని ఈ మాటకు అర్థము కాదు. యిర్మీయా న్యాయము విషయమై నోరు మూసికొన్నవాడు కాడు.

క్రీ. శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును తగులబెట్టిరి. ముట్టడిలో నున్న పట్టణమునుండి యోహానాను బెన్ జక్కయి అను బోధకుని శిష్యులు శవమని చెప్పి పెట్టెలో మోసికొని బయటికి తెచ్చిరని యూదుల కథ. ఆయన రోమా సేనానిని కోరినది యవ్నే అను చిన్న ఊరిలో చదువు చెప్పుకొను సెలవు. తరువాత ఒక శిష్యుడు పాడుపడిన ఆలయమును చూచి, పాపమునకు ప్రాయశ్చిత్తము జరుగు చోటు పోయెనే అని ఏడ్వగా, దానికి సమానమైనది ఇంకొకటి యున్నది, అది ఒకరియెడల ఒకరు చేయు దయయని ఆయన బదులు చెప్పెనట. మన ప్రాయశ్చిత్తము క్రీస్తునందున్నదని మనము నమ్ముదుము. అయినను రేకుల షెడ్డులో చేసిన ఆరాధన ఆరాధనయేనా అని అడుగువారికి ఈ కథను మేము చెప్పుచుందుము.

రెండు ఆలయముల నాశనమును యూదులు ఆబు నెల తొమ్మిదవ దినమున జ్ఞాపకము చేసికొందురు. అది మన జూలై ఆగష్టు నెలలలో, గోదావరికి ఎర్రనీరు వచ్చు దినములలో పడును. ఆ రాత్రి వారు ఉపవాసముండి, నేలమీద కూర్చుండి, సన్నని వెలుతురులో విలాపవాక్యములు చదువుదురు. ఆ గ్రంథములోను 119వ కీర్తనలోవలెనే అక్షరముల వరుస గలదు. 1, 2, 4 అధ్యాయములకు 22 వచనములు; మూడవదానికి అక్షరమునకు మూడు చొప్పున 66. అయిదవ అధ్యాయములోను 22 వచనములే గాని అక్షరముల క్రమము లేదు. ఏడ్చి ఏడ్చి చివరకు వరుస తప్పెనని మేము అనుకొందుము. పండితులు ఏమందురో గాని. గ్రంథపు చివరి వచనము దేవుడు మమ్మును బొత్తిగా విసర్జించెనా అన్నంత కఠినమైనది. సమాజమందిరములో దానిని చదివి అక్కడ ఆపరు. దానికి ముందున్న వచనమును, అనగా మమ్మును తిరిగి నీయొద్దకు చేర్చుకొనుమను ప్రార్థనను, మరల ఒకసారి చదివి ముగింతురు.

ఒక వానకాలపు రాత్రి కాలనీలో ఆ అయిదవ అధ్యాయమును అట్లే చదివితిమి. నీళ్లను కొనుక్కొనుటను గూర్చియు, స్వాస్థ్యము పరులపాలగుటను గూర్చియు వచ్చినచోట ఎవరును మాటలాడలేదు. చివరకు వెనుకటి వచనమును మరల చదివినప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న మామ్మగారు, "అయ్యగారూ, అది ఇందాకే చదివేరు గదండీ?" అని అడిగెను. వారి ఆచారమేమో చెప్పితిమి. ఆమె కొంతసేపు పెదవులతో ఏదో గొణుగుకొనెను. "అయితే ఆ కష్టమైన మాట కూడా ఇంకోసారి చదవండి. అదీ మాదే గదండీ" అనెను. రెండును మరల చదివితిమి.